వాగు ఒడ్డున మా గుర్రపుశాల పిల్లలు

పోయిన నెలలో మా మునిమనవరాలి పుట్టినరోజు జరిగింది. డర్బను పక్కన మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో ఒకప్పుడు కనుచూపుమేర చెరకు ఊగిన చోటనే ఇప్పుడు గడ్డి దువ్వి, చుట్టూ గోడ కట్టి, గేటు దగ్గర కాపలావాణ్ణి పెట్టి పెద్ద పెద్ద ఇళ్ళు వేశారు గదా, మా మనవడు అందులో ఒక ఇంట్లో ఉంటాడు. పిల్లల ముచ్చట కోసం ఆ రోజు ఒక పొట్టి గుర్రాన్ని అద్దెకు తెప్పించారు. దాని మెడకు గులాబిరంగు రిబ్బను, తోకకు మెరుపు కాగితాలు. పిల్లలు వరసగా ఎక్కడం, ఫొటో దిగడం, దూకి కేకు దగ్గరికి పరుగెత్తడం. ఆ జీవి మాత్రం మండుటెండలో ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడి ఉంది. దానికి దాహమవుతుందేమోనని తోచిన పిల్ల ఒక్కతి లేదు, పెద్ద ఒక్కరు లేరు. నేనే కుర్చీలోంచి లేచి, బల్లమీద ఖాళీ అయిన గాజు గిన్నె తీసుకుని, కడిగి, నీళ్ళు నింపి దాని ముందు పెట్టాను. మనవడి భార్య పరుగున వచ్చి, “అవ్వా, అది జ్యూసు గిన్నె!” అంది. “ఇందాకటిదాకా. ఇప్పుడిది గుర్రం గిన్నె,” అన్నాను. అది తాగుతుంటే మెడ మీద చెయ్యి వేశాను. ఆ వేడి, ఆ చెమట వాసన చేతికీ ముక్కుకూ తగిలేసరికి నా వయసులో ముప్పయ్యేళ్ళు ఎటు పోయాయో తెలియలేదు, వాగు ఒడ్డున మా కొట్టం ముందు నిలబడ్డట్టే అయింది.

నాకు చదువు రాదు. సంతకం ఒక్కటి మా ఆయన నేర్పాడు. హైదరాబాదు నుంచి ఉద్యోగం మీద వచ్చిన దంపతులు మా పక్కవీధిలో ఉంటారు, ఆ అమ్మాయి నేను చెబుతుంటే రాస్తోంది. నా తెలుగు ఈ దక్షిణాఫ్రికా చెరకుతోటల్లో నలిగిన తెలుగు, సగం ఇంగ్లీషు, పావు జూలూ. ఆమె దాన్ని ఉతికి ఆరేసి రాస్తోంది. ఆదివారం ప్రార్థన అయ్యాక నా ఈడువాళ్ళకు చదివి వినిపిస్తానంది. కాబట్టి తోటకూలీల బారక్సు లైన్లలో నాతో పాటు కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ అక్కలారా, వదినలారా, ఇది మీకే చెబుతున్నాను. మీకు తెలిసిన కథే, కాని సగమే తెలుసు.

మా మామగారు, ఆయన తర్వాత మా ఆయన, చెరకు ఎస్టేటు గుర్రాల దగ్గర పనిచేశారు. దొరలూ, కూలీల పని చూసే సర్దార్లూ గుర్రాల మీద తోటలు తిరిగే కాలం అది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు వంట నేర్పకముందే మా ఆయన నాకు డెక్క ఎత్తి మట్టి తీయడం నేర్పాడు, ఆ సంగతి చెప్పి మా తోడికోడళ్ళు ఎన్నాళ్ళు నవ్వారో మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత తర్వాత చిన్న లారీలు, మనం బక్కీలంటామే, అవి వచ్చాయి. గుర్రాల పని అయిపోయింది. కబేళాకు పోవలసిన ముసలివాటిని మా ఆయన బతిమాలి తెచ్చుకున్నాడు. వాగు ఒడ్డున పూర్వం కంచరగాడిదలను కట్టిన కొట్టం ఒకటి పాడుపడి ఉంటే, అందులో పెట్టుకోనిచ్చారు. నాలుగు గుర్రాలు. వాటిలో అందరికంటే బద్ధకస్తుడైన తెల్లగుర్రానికి మా ఆయన ‘దొర’ అని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో ‘దొరా, జరుగు!’ అని గట్టిగా అరవగలిగిన చోటు ఈ దేశం మొత్తంలో మా కొట్టం ఒక్కటేనేమో!

నల్లవాళ్ళ నాయకుడు, ఆ పెద్దాయన, ఇరవయ్యేడేళ్ళకు జైలునుంచి బయటికి వచ్చిన ఏడే మా ఆయన పోయాడు. దేశమంతా డోలు కొట్టి ఆడుతుంటే నేను మా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. పెద్దకర్మ లాంటివి మన క్రైస్తవుల మందిరంలో లేవు గాని, చూడవచ్చిన ప్రతివాళ్ళూ గుర్రాలనేం చేస్తావనే అడిగారు. మా పెద్దవాడైతే, గుర్రాలకు పెన్షనిచ్చే అమ్మ నువ్వొక్కతివే, వదిలించుకో అన్నాడు. మీ నాయన పని మానేశాక ఆయన్ని ఎవరికైనా ఇచ్చేశానా అని అడిగాను. తెల్లవారితే గుర్రానికి ఆకలి వేస్తుంది. మొగుడు పోయాడనీ, దేశం మారుతోందనీ దానికి తెలియదు. ఆ ఆకలే నన్ను లేపి నిలబెట్టింది, ఇది నిజం.

అవి ఎంత చెడ్డ రోజులో మీకు వేరే చెప్పనక్కరలేదు. వాగు అవతలి కొండమీద జూలూ ఇళ్ళు, ఇవతల మన లైన్లు. అక్కడ వాళ్ళలో వాళ్ళకే రెండు పార్టీలు. శనివారం వస్తే ఎవరిదో ఒకరిది శవం లేచేది. బళ్ళు మూతపడ్డాయి, పిల్లలు చెరకుగడలు విరుచుకుంటూ, రైలుపట్టాల వెంట తిరుగుతూ, చేతికి అందిన రాయి అందినట్టు విసురుతూ బతికారు. మనవాళ్ళు తలుపులు బిడాయించుకున్నారు, వాళ్ళు మనమీద పడతారని మనకు భయం, మనం పోలీసులకు చెప్పి పట్టిస్తామని వాళ్ళకు భయం.

ఒకరోజు పొద్దున కొట్టం రేకుల మీద రాళ్ళు పడుతున్నాయి. గుర్రాలు బెదిరి గోడలు తంతున్నాయి. నేను చీపురు పుచ్చుకుని బయటికి వచ్చాను. వాగు దాటి వచ్చిన పిల్లమూక నన్ను చూసి పారిపోయింది, ఒక్క పిల్ల తప్ప. పద్నాలుగేళ్ళుంటాయి, మోకాళ్ళు ముళ్ళు గీరుకుని ఉన్నాయి, చేతిలో ఇంకా రాయి ఉంది. నా గొంతు సంగతి మీకు తెలుసు, గుర్రాలను పిలిచి పిలిచి బొంగురుపోయిన గొంతు. ఆ గొంతుతో, నీ రాయికి భయపడి లోపల ఒక ముసలిది వణుకుతోంది, వచ్చి దాన్ని ఊరుకోబెట్టి పో అన్నాను. లోపల ముసలి మనిషి ఉందనుకుందో ఏమో, రాయి కింద పడేసి వచ్చింది. చూస్తే నల్ల ఆడగుర్రం. ఆ పిల్ల గుమ్మంలోనే ఆగి, తలవంచి, భుజాలు దించి, పక్కగా పక్కగా నడుస్తూ దాని దగ్గరికి వెళ్ళింది. తమ పెద్దల ముందుకు జూలూ పిల్లలు ఎలా వెళతారో అలా. గుర్రం ముక్కుపుటాలు ఎగరేసి ఎగరేసి, చివరికి ఒక నిట్టూర్పు విడిచి ఆ పిల్ల జుట్టు వాసన చూసింది. మా ఆయన గుర్రాలవాళ్ళకు ఏళ్ళ తరబడి మొత్తుకుని నేర్పినది ఆ పిల్లకు వాళ్ళ గోగో, అంటే వాళ్ళ అమ్మమ్మ, ఉగ్గుపాలతో నేర్పేసింది. పెద్దవాళ్ళ కళ్ళలోకి గుచ్చి చూడకు, ఎదురుగా పోకు, నిదానంగా పో. గుర్రానికీ అదే మర్యాద కావాలి.

ఆ రాళ్ళపిల్ల, మేమందరం అలాగే పిలిచాం, ఆమెకూ అది బిరుదే అయింది, మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. మన లైన్లలోంచి మా ఆడపడుచు మనవడు, బడి లేక ఊళ్ళో జులాయిగా తిరిగేవాడు, ఆ జూలూ పిల్లలు నిజంగానే గుర్రాలకు మాలీసు చేస్తున్నారా అని వెక్కిరించడానికి వచ్చి, చేతిలో బ్రష్షు పెట్టగానే ఉండిపోయాడు. అలా అలా ఒక జట్టయింది. నేను బడి పెట్టానని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది, ఓనమాలు రాని దాన్ని.

అయితే నా పద్ధతులు నాకున్నాయి. మొదట్లో ఎవరినీ గుర్రమెక్కనిచ్చేదాన్ని కాను. లద్దె ఎత్తాలి, తొట్టి కడగాలి, నీళ్ళు మొయ్యాలి. ఎంత ఆకలైనా గుర్రం తిన్నాకే మనం తినాలి. నేను తెచ్చిన రొట్టె, బీన్సు కూర గంపలో మూతపెట్టి ఉండేవి, గుర్రం దాణా నమిలే చప్పుడు వినబడేదాకా గంప మూత తీసే మాట లేదు. గుమ్మం పక్కన ఒక నీళ్ళ డ్రమ్ము ఉండేది, చావింటినుంచి వచ్చినా, తగవులోంచి వచ్చినా ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి రావాలి. ఇది మన అత్తగార్ల కాలంనుంచీ ఉన్న అలవాటే. జూలూలకూ ఉందట, శవాన్ని సాగనంపి వచ్చిన ఇంటి ముందు నీళ్ళు పెడతారట. నేను అందులో పసుపు వేస్తే, రాళ్ళపిల్ల వాళ్ళ కొండమీది ఆకేదో నలిపి వేసేది. పచ్చగా, చేదువాసనగా ఉండే ఆ నీళ్ళల్లో రెండు ఒడ్ల పిల్లలూ చేతులు ముంచేవాళ్ళు. కోపంతో ఉన్న చేతిని గుర్రం ఒప్పుకోదు. రాత్రి వాడి అన్నను కొట్టినవాళ్ళ తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నా, గుర్రం డెక్క ఎత్తి పట్టుకున్నవాడు దాన్ని వదిలి తగవుకు పోలేడు, వదిలితే వాడి కాలే పచ్చడవుతుంది. ఇంతకంటే నేను వాళ్ళకు చెప్పిన నీతి ఏమీ లేదు.

రెండోది నడిపించడం. దగ్గరికి వెళ్ళేటప్పుడు తలవంచు, తాడు చేతికి వచ్చాక తల ఎత్తు. నేలకేసి చూసినా, వెనక్కి తిరిగి గుర్రం ముఖంలోకి చూసినా అది అక్కడే పాతుకుపోతుంది. నువ్వు ఎక్కడికి పోవాలో అటు చూడు, అదీ వస్తుంది. తలవంచడం వాళ్ళకు వెంటనే వచ్చేసింది, తల ఎత్తడానికి నెలలు పట్టింది. ఎప్పుడూ వంచిన మెడలు గదా.

మందిరంలో ఆడవాళ్ళు నన్నేమన్నారో నేను మరిచిపోలేదు, మీలో కొందరు ఇప్పుడిది వింటూ పక్కకు చూస్తున్నారని కూడా తెలుసు. విధవరాలికి గుర్రాలొకటి, పైగా దొంగపిల్లలతో సావాసం అన్నారు. ఒక వదినగారు మొహం మీదే, “ఓలమ్మో, నీ దగ్గిరికొచ్చేసరికి లద్దె కంపు గొడతన్నాదే!” అంది. “నా కాడ లద్దె కంపే గదే, నీ కాడ చాడీల కంపు. లద్దె కడిగితే పోతాది,” అన్నాను. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. తర్వాత కొన్నాళ్ళకు ఆవిడ తన మనవణ్ణి తనే తీసుకొచ్చి, లద్దె ఎత్తే పని ఏమైనా ఉంటే వీడికివ్వవే అంది. చీపురిచ్చాను.

తెల్లవాళ్ళకే కాక అందరికీ ఓట్లు వచ్చాయి. అందరం ఒకే వరసలో నిలబడ్డాం, ఎండకు ఒకరి గొడుగు కింద ఇంకొకరం. ఆ మరుసటి ఏడు, దూరంగా ఇంకో కొండ పైన తెల్లవాళ్ళ గుర్రపుస్వారీ బడి ఒకటి ఉండేది, ఆ బడివాళ్ళు మొదటిసారిగా మన పిల్లలనీ పనినేర్పడానికి తీసుకుంటారని తెలిసింది. రెండేళ్ళు అక్కడే ఉండి నేర్చుకోవాలి, తిండి, బస వాళ్ళవే, తర్వాత ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. రాళ్ళపిల్లకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. తల్లీ తండ్రీ లేరు, గోగోయే పెంచింది. దూరాన లోపలి ఊళ్ళో ఉండే మేనమామ ఒకడు, పిల్ల ఎదిగింది గదా, నా ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ పడి ఉంటుందని కబురు మీద కబురు పంపుతున్నాడు. క్రిస్మసు పండగలోపల వచ్చి తీసుకుపోతానన్నాడు. స్వారీ బడిలో చోటు దొరికితే ఆ పిల్ల బతుకు ఆమెదవుతుంది, దొరక్కపోతే ఇంకొకరి వంటింట్లో తెల్లారుతుంది. ఇంతే, మధ్యదారి లేదు.

మా ఆడపడుచు కొడుకు బక్కీలో ఎక్కి వెళ్ళాం, రాళ్ళపిల్ల, తోడుగా మా ఆడపడుచు మనవడు, నేను. మందిరానికి కట్టుకునే చీర కట్టాను. ఆ పిల్లకు వాళ్ళ గోగో ఇస్త్రీ చేసిన తెల్ల జాకెట్టు. ఆ బడి దొరసాని మమ్మల్ని మర్యాదగానే పిలిచింది, కూర్చోమంది. మేం కూర్చోలేదు. పిల్లను పేరడిగింది, గుర్రాల గురించి అడిగింది, ఎందుకు రావాలనుకుంటున్నావని అడిగింది. పెద్దామె ఏదో అడుగుతోంది కాబట్టి రాళ్ళపిల్ల వాళ్ళ జూలూ మర్యాద ప్రకారం కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, తలవంచి, నేలతో జవాబు చెప్పింది. మా ఆడపడుచు మనవడు ఇంకా నయం, నేలకు కూడా చెప్పలేదు. ఇక నేనో, నాలుగు గుర్రాల మీద అరిచే గొంతున్నదాన్ని, ఇంత వయసున్నదాన్ని, తెల్లామె ముందు నిలబడేసరికి నాకు తెలియకుండానే నా కళ్ళూ నేలకే దిగాయి. ఆ దొరసాని ముఖం ఎలా ఉందని ఆ రోజు నన్నడిగితే చెప్పలేను గాని, బూట్లు మాత్రం ఇప్పటికీ చెబుతాను. గోధుమరంగు తోలు, ఎడమ బూటు మడమ దగ్గర అరిగింది, లేసులకు రెండు ముడులు. ముగ్గురం కలిసి ఆ బూట్లకు ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాం!

దొరసాని మమ్మల్ని గేటుదాకా సాగనంపి, నాతో మెల్లగా చెప్పింది. పిల్ల మంచిదే కావచ్చు, కాని ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు, ఏదో దాస్తున్నట్టుంది, ఇష్టం లేకుండా వచ్చినట్టుంది, నా గుర్రాలను ఎలా అప్పగించను అంది. ఆమె మనసులో చెడు లేదు. తనకు తెలిసిన లెక్కన అబద్ధాలాడేవాళ్ళే ముఖం తప్పిస్తారు. మా లెక్కన పొగరుబోతులే ముఖంలోకి చూస్తారు. మా లైన్లకు తిరిగొచ్చాం. దిగేటప్పుడు రాళ్ళపిల్ల, “అవ్వా, నేను బాగానే ఉన్నాను గదా? ఒక్క తప్పు మర్యాద చెయ్యలేదు గదా?” అని అడిగింది. లేదమ్మా, ఒక్కటీ చెయ్యలేదు అన్నాను. అదే వచ్చిన చిక్కు.

మర్నాడు వాగు దాటి గోగో దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్లకు ఎదుటివాళ్ళ ముఖంలోకి చూడటం నేర్పాలంటే ఆమె ఒప్పుకోవాలి, ఆమెను కాదని నేర్పితే నేను దొంగనే. గోగో నా మాట విని చాపమీద అటు తిరిగి కూర్చుంది. మేం మాట్లాడేది జూలూ, ఇంగ్లీషు కలిసిన కలగాపులగం భాషలోనే, అయినా ఆవిడ తిట్టింది నాకు తెలుగంత బాగా అర్థమైంది. పెద్దల కళ్ళలోకి చూసే పిల్లను ఏ ఇంట కోడలిగా చేసుకుంటారు, మీ ఇంట చేసుకుంటావా అంది. చేసుకోను అన్నాను. నిజం గదా, మా కోడలు పెళ్ళైన కొత్తలో నా ముఖంలోకి చూసి జవాబిస్తే వారం రోజులు మూతి ముడుచుకున్నదాన్ని. ఆ మాట విని గోగో ఇటు తిరిగింది. అబద్ధమాడకుండా వచ్చావు గనుక చెప్పు, ఏం చూడమంటావ్ అంది. వచ్చి కొట్టంలో పిల్లను చూడమన్నాను.

వచ్చింది. నా చెయ్యి పట్టుకుని రాళ్ళమీద తడుముకుంటూ వాగు దాటింది, ముసలితనం అనుకున్నాను. బకెట్టు బోర్లించి కూర్చోబెట్టాం. రాళ్ళపిల్ల తలవంచి నల్లగుర్రం దగ్గరికి వెళ్ళడం, తాడు తగిలించడం, అంతలోనే మెడ నిక్కి, దూరాన మిల్లు పొగగొట్టం మీద చూపు నిలిపి, వెనక అంత పెద్ద జంతువును దారంలా లాక్కుంటూ రావడం చూసింది. ఆ తర్వాత మేకుకు వేలాడుతున్న మా ఆయన టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. “రా పిల్లా. నేనిప్పుడు మేడాన్ని. నీ పేరేమిటి?” అంది.

రాళ్ళపిల్ల నవ్వు ఆపుకోలేక నేల చూసింది.

“నేలను ఎందుకు చూస్తావ్? నేల నీకు పనిస్తుందా?”

“నువ్వు గోగోవి. నా వల్ల కాదు.”

“గోగో ఇంట్లో ఉంది. పొయ్యి దగ్గర. ఇక్కడున్నది మేడం. చూడవే మేడంకేసి!”

“మేడానికి పళ్ళు లేవేమిటి?” అన్నాడు మా ఆడపడుచు మనవడు. గోగో చేతికందిన బ్రష్షు వాడిమీదికి విసిరింది, అది ‘దొర’కు తగిలి, దొరగారు జన్మలో మొదటిసారి గంతేశాడు. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. పిల్లలు చుట్టూ మూగి, ఆ పిల్ల కళ్ళు దిగినప్పుడల్లా ‘పైకి! పైకి!’ అని కేకలు. నవ్వీ నవ్వీ, చివరికి ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చి, పుట్టాక మొదటిసారి, తనను పెంచిన ముఖంలోకి నిలువునా చూసింది. నవ్వు ఆగిపోయింది. చూస్తూనే ఉంది.

“గోగో, నీ ఎడమకంటిలో తెల్లగా ఏమిటది?”

ముసలామె టోపీ ముందుకు లాక్కుంది. “మేడాన్ని అలాంటివి అడగకూడదు,” అంది.

ఎవరికీ తెలియదు. ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో తిన్నారు, గౌరవం కొద్దీ ఆ పిల్ల ఎన్నడూ కళ్ళెత్తి చూడలేదు, ఆ గౌరవం చాటునే ముసలామె పొర కమ్మిన కన్ను దాచుకుంది. రెండో కన్నుకూ పొర పాకుతోందట. చెబితే పిల్ల తనను వదిలి ఎక్కడికీ పోదని చెప్పలేదట. అప్పుడప్పుడూ పొయ్యి దగ్గర కాలిన వేళ్ళు, దారిలో పడిన దెబ్బలు, అన్నిటికీ ఆ పిల్లకు ఒక్కసారే అర్థం తెలిసింది. నేను పోను అంది. పోకపోతే నా ఇంట్లోకి రావద్దు అంది గోగో.

ఆ మర్నాడు నేను ఒక్కదాన్నే టాక్సీ పట్టుకుని స్వారీ బడికి వెళ్ళాను. ఈసారి ఆ దొరసాని ముఖం చూశాను. నా ఈడుదే, కళ్ళ కింద నిద్రలేని నలుపు ఉంది. నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, మా ఇళ్ళలో తలవంచడం దాచడం కాదమ్మా, ఇవ్వడం, నీకు ఆ పిల్ల ఇచ్చింది మర్యాద అని. ఆమె ఎర్రబడింది. ఇన్నాళ్ళూ తన దగ్గర పనిచేసిన వాళ్ళందరూ తనంటే ఇష్టం లేక నేల చూస్తున్నారనుకున్నానని అంది. గురువారం తీసుకురా, ప్రశ్నలేమీ అడగను, పచ్చికలోంచి ఒక గుర్రాన్ని తెచ్చి చూపమను చాలు అంది. మంచి మనిషి, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

గురువారం వెళ్ళాం. కంచె అవతల ఎర్రగుర్రం, ఎత్తైనది, మనిషిని చూస్తే పక్కకు తిరిగేది. రాళ్ళపిల్ల తలవంచుకుని, వంకరగా, తొందర లేకుండా పోయింది. అది రెండుసార్లు జరిగింది, ఈ పిల్ల ఆగింది, మళ్ళీ నడిచింది. మూడోసారి అదే మెడ చాపింది. తాడు పడింది. మెడ నిక్కించి నడిపించుకుంటూ దొరసాని ముందుకు తెచ్చి ఆపి, ఆమె ముఖంలోకి చూసింది. అక్కడితో అయిపోతే సరిపోయేది, చోటు దొరికినట్టే. కాని ఆ పిల్ల నోరు విప్పింది.

“నాకు ఈ పని కావాలి మేడం. కాని మా గోగోకు కళ్ళు పోతున్నాయి. ఆస్పత్రి రోజున నేనే తీసుకెళ్ళాలి. ఆ రోజు సెలవిస్తే వస్తాను. ఇవ్వకపోతే రాను.”

మా మామగారి కాలంనుంచీ మా వంశంలో దొరలను చోటు అడిగినవాళ్ళున్నారు గాని, చోటు ఇస్తామంటే షరతు పెట్టినవాళ్ళు లేరు. దొరసాని ఆ పిల్లను చూసింది, ఆ పిల్ల చూపు దించలేదు, మధ్యలో ఆ ఎర్రగుర్రం చెవులు ఇటూ అటూ తిప్పుతోంది.

“ఆస్పత్రి ఏ వారం?” అని అడిగింది దొరసాని.

ఇంకేం చెప్పను! ఆ రోజు బక్కీ వెనకభాగంలో నిలబడి, ఇంటిదాకా నేను కీర్తన మీద కీర్తన పాడుతూనే వచ్చాను, ఈ గొంతుతో. మేనమామ వచ్చి, గోగో చేతి టీ తాగి, ఒక్కడే తిరిగి వెళ్ళాడు. గోగోకు ఒక కన్ను దక్కింది. పొర తీసి కట్టు విప్పాక నన్ను చూసి, “నువ్వింత ముసలిదానివని నాకెవరూ చెప్పలేదే!” అంది. ఆమె పోయేదాకా మా ఇద్దరికీ ఆ హాస్యమే.

రాళ్ళపిల్ల ఇప్పుడు కొండల దగ్గర సొంతంగా గుర్రాలు పెట్టుకుని, దారితప్పిన పిల్లలను చేరదీసి పని నేర్పుతోంది. మొదట్లో లద్దె ఎత్తిస్తుందట, ఎక్కనివ్వదట. ఫోనులో ఆ మాట విని నేను పొంగిపోయిన పొంగు మా పెద్దవాడు ఇల్లు కొన్నప్పుడు కూడా పొంగలేదు. మా ఆడపడుచు మనవడు పక్క ఊరు వెరులంనుంచి డర్బనుకు జనాన్ని చేరవేసే టాక్సీ నడుపుతాడు. కళ్ళెం లాగితే గుర్రం నోరు నొస్తుందని నేర్చినవాడు గదా, బ్రేకు వేస్తే ముసలమ్మ ఒళ్ళో గుడ్లు పగలవని పేరు తెచ్చుకున్నాడు. అందరూ అలా కాలేదు. ఒకడు తుపాకి దగ్గరికే పోయాడు, ఇద్దరిని జబ్బు తీసుకుపోయింది. వాళ్ళకోసం కూడా ఆ డ్రమ్ములో నీళ్ళు పెట్టాం. అయినా నా చేతిమీదుగా వెళ్ళినవాళ్ళు ఎక్కడో ఒకచోట తల ఎత్తి నిలబడి ఉన్నారంటే, ఓనమాలు రాని ఆడదాన్ని, నాకింతకంటే ఏం కావాలి.

ఆ పిల్ల వెళ్ళినాక మిగతావాళ్ళకూ ధైర్యం వచ్చింది. ఒకడు పోర్టులో పనికి, ఒకతి నర్సు చదువుకు, బళ్ళు తెరిచారు గనుక చిన్నవాళ్ళు బడికి. ఒక్కొక్కరే పొద్దున రావడం మానేశారు. గుర్రాలూ ఒక్కొక్కటే పోయాయి. ఆ తర్వాత కొట్టం పడగొట్టి రోడ్డు వేశారు. నేను ఏడవలేదు. వాళ్ళు నన్ను వదిలి పోవాలనే గదా అంత మొత్తుకుని నేర్పింది, పోయాక కొట్టం ఖాళీగా ఉందని ఏడిస్తే ఎలా?

ఇప్పుడు రెండు ఒడ్ల పిల్లలూ ఒకే బడిలో, ఒకే బెంచీమీద కూర్చుంటున్నారు, ఎవరి ముఖంలోకైనా నిలువునా చూసి మాట్లాడుతున్నారు. అది చూసి నాకు సంతోషమే. కాని తెల్లవారుజామున తమకోసం ఆకలితో ఎదురుచూసే జీవి ఒకటి ఉండటమంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. దానికోసం చలిలో లేచి, వాగు దాటి, నిన్నటి శత్రువు చేతినుంచి నీళ్ళ బకెట్టు అందుకోవడమంటే ఏమిటో తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వేళకే మెలకువ వస్తుంది. మా ఇంట్లో అందరూ కడుపునిండా తిని నిద్రపోతూ ఉంటారు, దేవుడి దయ. లేచి కూర్చుంటాను. కాళ్ళకు చెప్పులు వేసుకుంటాను. ఎవరికీ ఆకలి వెయ్యడం లేదని గుర్తొచ్చి, అలాగే మంచం అంచున తెల్లారేదాకా కూర్చుంటాను.